వాసన వంతు

ఫెర్రో కాలనీలో పుట్టిన ప్రతి బిడ్డ తలా ఒకటే వాసన వేస్తుంది. పాలు, చెమట, వాటి అడుగున కాలిన ఇనప పెనం మీద నీళ్ళు చల్లితే లేచేలాంటి కంపు. బయటివాళ్ళు బిడ్డను ఎత్తుకుంటే మొహం పక్కకు తిప్పుతారు. కాలనీవాళ్ళు మాత్రం దాన్ని అయ్య వాసన అంటారు. తండ్రి ఫెర్రో కంపెనీ కొలిమి దగ్గరనించి వచ్చి బిడ్డ నెత్తిన ముద్దు పెడతాడు. ఎంత తోముకున్నా పోని బూడిద అది. దానికి ముద్దుపేరు పెట్టుకోవడం తప్ప మరో దారి లేనివాళ్ళు పెట్టుకున్న పేరు.

దమయంతి ఆ వాసనలోనే పెరిగింది. వాళ్ళ నాన్నకి యాభై దాటకుండానే చేతులు వణికాయి, మొహం చెక్కబారింది, కోడిపుంజులా మునివేళ్ళ మీద నడిచీ నడిచీ చివరికి మంచాన పడ్డాడు. కంపెనీ డాక్టరు రక్తం తీసి చూసి ఏమీ లేదన్నాడు. తాగుడు వల్ల అన్నాడు. ఆయన జన్మలో తాగలేదు. "ఏమీ లేదు" అన్న ఆ మాట మీద పగబట్టి చదివింది దమయంతి. గణాంకశాస్త్రం చదివింది. విశాఖలో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం దొరికితే, రోజూ బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి కాలనీకే తిరిగొచ్చేది.

ఆ పరిశోధనశాలలో డాక్టర్ ఇందుశేఖర్ ఒక పోగు కనిపెట్టాడు. జీవకణాలతో పెంచిన పోగు. తల వెంట్రుకకన్నా సన్నం. కొలిమి బూడిదలోని లోహం రక్తంలో నిలవదు, ముక్కులోంచి వాసన నరం పట్టుకుని నేరుగా మెదడులోకి ఎక్కుతుంది. అందుకే రక్తపరీక్షలు అన్నేళ్ళూ అబద్ధం చెప్పాయి. ఈ పోగు ముక్కులోకి దిగి, నరం మొదలు దాకా పాకి, అక్కడున్న లోహాన్ని తాగి బయటికొస్తుంది. దాన్ని యంత్రంలో పెడితే ఎన్ని పాళ్ళుందో అంకె వస్తుంది. రోగం బయటపడటానికి పదేళ్ళ ముందే వస్తుంది.

కాని పోగు పాకిన నరం చచ్చిపోతుంది. ఆ మనిషికి ఇక వాసన ఉండదు. మల్లెపూవూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. కూరలో ఉప్పూ కారం తప్ప రుచి ఉండదు. కొలిమి పనివాడికి అంతకుమించిన నష్టం. కొలిమి గోడ లోపల్లోపల కాలుతుంటే ముందు చెప్పేది ముక్కే. ముక్కు పోయినవాణ్ణి కొలిమి మూతి దగ్గర నిలబెట్టరు.

"ఒక ముక్కుకి ఒక అంకె," అనేవాడు ఇందుశేఖర్. గర్వంగా అనేవాడు కాదు. ఆ మాటన్న ప్రతిసారీ తన ముక్కు తడుముకునేవాడు.

కాలనీ సంఘం పోట్లాడి పోట్లాడి ఒక విచారణ సంఘం వేయించింది. ఆ సంఘం ముందు మొదట తేలాల్సింది, ఎవరి మాట నిజమనుకుని మొదలుపెట్టాలన్నది. కంపెనీ మాట నిజమనుకుని మొదలుపెట్టాలని తేలింది. కొలిమి లేని ఊళ్ళలో మనిషి తలలో ఈ లోహం సగటున నలభై పాళ్ళు. ఆసుపత్రులకి దానమిచ్చిన శరీరాల నుంచి వచ్చిన పాత లెక్క అది. కాలనీ సగటు కూడా ఆ నలభయ్యే అనుకోవాలి. కాదన్నవాళ్ళే కాదని చూపించాలి. అందరి ముక్కులూ తీసుకోలేం కాబట్టి చిట్టీలు తీసి ముప్పై ఆరుమందిని ఎంచాలి. వాళ్ళ సగటు నలభైకన్నా ఎంత ఎక్కువుంటే కొలిమిని దోషి అనాలో ముందే గీత గీయాలి. ఏ పాపం ఎరగని కొలిమిని కూడా చిట్టీల అదృష్టం ఒక్కోసారి దోషిగా చూపించవచ్చు కదా, ఆ పొరపాటు నూటికి అయిదుసార్లకు మించకూడదన్నారు. లెక్క కడితే గీత నలభై మూడుకి రవంత పైన పడింది.

"కొలిమికి అన్యాయం జరక్కుండా కట్ట కట్టారు, బాగుంది. పాపం చేసిన కొలిమి తప్పించుకుపోయే పొరపాటు నూటికి ఎన్నిసార్లు జరగొచ్చు?" అని దమయంతి అడిగింది.

అధ్యక్షుడు టీ తాగాడు. "అది తరవాత చూద్దామమ్మా," అన్నాడు.

కాలనీలో వయసొచ్చిన ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. గేటు దాటాలన్నా క్యాంటీన్లో కూర్చోవాలన్నా అది చూపించాలి. పరీక్షలో పేర్లు వాడలేదు, బిళ్ళ నంబర్లే వాడారు. ఎవరెవరికి చిట్టీ పడిందో దమయంతికి తెలియదు, తెలియకూడదు. ఆమె దగ్గరికి అంకెలే వస్తాయి, మనుషులు రారు.

ముప్పై ఆరు అంకెలూ వచ్చాయి. కూడింది, భాగించింది. సగటు నలభై మూడు. గీతకి ఇవతల. అడ్డంగా గోరు పెడితే మూసుకుపోయేంత దూరంలో, ఇవతల.

విచారణ సంఘం రాసింది, కొలిమి వల్ల హాని ఉందనడానికి ఈ పరీక్షలో తగిన రుజువు దొరకలేదని. మర్నాటికి కంపెనీ గేటు మీద పెద్ద బోర్డు లేచింది: 'హాని లేదని శాస్త్రీయంగా తేలింది.' దొరకలేదు అన్నదాన్ని లేదు అని మార్చడానికి వాళ్ళకి ఒక్క రాత్రి, ఒక్క డబ్బా రంగు చాలాయి. నాన్న మంచం పక్కన విన్న మాటే అది. ఇప్పుడు తన లెక్కే దానికి సాక్ష్యం.

ఆ ఆదివారం మధ్యాహ్నం దమయంతి తమ్ముడు తవుడి ఇంట్లో భోజనానికి కూర్చుంది. తవుడు కొలిమి మూతి దగ్గర పనివాడు. అతని భార్య గౌరి చంటిబిడ్డను ఒళ్ళో వేసుకునే వడ్డిస్తోంది. పక్కన అప్పలసూరి మావ. దమయంతి మేనత్త మొగుడు. పని మానేసి చాలా ఏళ్ళయినా, కొలిమి దగ్గర ఆయన ముక్కు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పడుకున్నచోటే గాలి పీల్చి, గోడ ఏ మూల కాలుతోందో చెప్పేవాడట. చేపలమ్మే మనిషి గంప దింపకముందే, "నిన్నటిది, ఎల్లెల్లు," అని తరిమేవాడు.

గౌరి నెత్తళ్ళ చేపల పులుసు వడ్డించింది. దమయంతి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది. పులుసు పాచిపోయింది. ఎండకి బయటుంచేశారు కాబోలు. తవుడు కూడా కంచం జరిపాడు.

అప్పలసూరి తింటున్నాడు. ఒక ముద్ద, ఇంకో ముద్ద. వేళ్ళు నాకాడు.

"ఇంకో గరిటెయ్యే గౌరీ," అన్నాడు.

గౌరి గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"మావా," అంది దమయంతి, "నీకు చిట్టీ పడిందా?"

"పడ్డాది. ఏటయిపోయింది? ముసిలోడికి ముక్కెందుకు."

"నీ నంబరుకే పడిందా?"

అప్పలసూరి చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు. తవుడు తల వంచుకుని నేల గీరుతున్నాడు. చివరికి గౌరే చెప్పింది.

"మావకి పడనేదొదినా. ఈయనకి పడ్డాది. మావొచ్చి బిళ్ళట్టుకెల్లిపోనాడు."

"ఆడు కొలిమి కాడ నిలబడాల," అన్నాడు అప్పలసూరి. "ముక్కుపోతే పనిపోద్ది. ఇంట్లో పసిగుంటడు. వంతు పుచ్చుకున్నాను. నానొక్కడినేటి, మా ఈడోలందరం పుచ్చుకున్నాం."

వంతు పుచ్చుకోవడం అంటే ఏమిటో కాలనీలో ఒకరు చెప్పక్కర్లేదు. కొలిమి మూతి తెరిచే రోజు ప్రాణాలకి తెగించే రోజు. ఆ రోజు వంతు కొత్తగా పెళ్ళైనవాడికో, పసిబిడ్డ తండ్రికో పడిందంటే, పెద్దవాడొకడు వచ్చి ఏమీ అనకుండా అతని బిళ్ళ తీసుకుని లోపలికి పోతాడు. అడగడాలు లేవు, దండాలు లేవు. ఈ కాలనీలో మనుషులు ఇన్నేళ్ళు బతికి బట్టకట్టింది ఆ ఒక్క పద్ధతి వల్లే. నాన్న చేతులు వణకడానికి ముందు ఎందరి వంతు పుచ్చుకున్నాడో లెక్కలేదు.

"మీ రోజుల్లో కొలిమికి పైకప్పు లేదు కదా మావా," అంది మెల్లగా. "బూడిద గాలికి పోయేది. మీరు మానేశాక, నాన్న ఉండగా షెడ్డు కట్టాకే కదా అందరి ముక్కుల్లోకి పడుతోంది. మీరు పని మానేసి ఇన్నేళ్ళయింది. లోపలున్నది కూడా మెల్లగా దిగిపోతుంది. కుర్రాళ్ళ చోట మీరెళ్తే, కొలిమి తినని తలలు తెచ్చి కొలిమి తిన్నదెంతో కొలిచినట్టు."

"అలగంటే?"

"అంటే సగటు మీరు దించేశారు."

ముసలాయన చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. పులుసు ఇంకా అంటుకునే ఉంది. "మరి మాకెవులూ సెప్పనేదు గదే," అన్నాడు.

నిజమే. ఎవరూ చెప్పలేదు. చిట్టీ ఎందుకు తీస్తున్నారో, ఎవరి పేరు పడితే వాళ్ళే ఎందుకు రావాలో కాలనీకి వచ్చి వివరించడం తన పనే. అది ఇక్కడివాళ్ళకి చెప్పాల్సిన విషయమని ఇక్కడ పుట్టిన దమయంతికే తోచలేదు.

మర్నాడు పరిశోధనశాలలో ఇందుశేఖర్ మొత్తం విని కుర్చీలోంచి లేచాడు.

"ఎంతమంది మారారు?"

"పదకొండు మంది. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. దాచలేదు సార్. దాచాల్సిన సంగతని వాళ్ళకి తెలియదు."

"తీసెయ్ ఆ పదకొండూ. మిగతా పాతికమంది సగటెంత?"

దమయంతి అప్పటికే కట్టి ఉంది. "నలభై నాలుగు దాటింది."

"గీత దాటేశాం. పంపించు."

"మిగిలిన పాతికమందీ ఎవరు సార్? వంతు పుచ్చుకోవడానికి ఇంట్లో ముసలాళ్ళు లేనివాళ్ళు. ముసలాళ్ళు ఎందుకు లేరు? ముందే చచ్చిపోయారు. ఆ ఇళ్ళలో బూడిద ఎక్కువ పడిందేమో, ఎవరికి తెలుసు? ఇది కాలనీ సగటు కాదు, దిక్కులేనివాళ్ళ సగటు."

"దమయంతీ, నిజమేమిటో మనకి తెలుసు."

"నాకు పుట్టినప్పట్నించీ తెలుసు. నాకు కావలసిన జవాబు వచ్చేదాకా మనుషుల్ని తీసేస్తూ పోతే పరీక్షెందుకు? కంపెనీ డాక్టరు చేసింది కూడా అదే కదా."

ఇందుశేఖర్ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "అయితే మళ్ళీ ముక్కులు కావాలి," అన్నాడు. "ఈసారి కుర్రాళ్ళవి."

"ఔను సార్."

"నువ్వడుగుతావా?"

"నేనే అడగాలి."

విచారణ సంఘం గింజుకుని గింజుకుని, ఇంకొక్కసారికి మాత్రం ఒప్పుకుంది. గీత మారదు. సంఖ్య మారదు. దమయంతి ఒకటే కలిపింది. అందరి బిళ్ళలూ డ్రమ్ములో వేయాలి, ముక్కులు పోయినవాళ్ళవి కూడా. వాళ్ళ బిళ్ళ మళ్ళీ పడితే వాళ్ళ అంకె దగ్గరే ఉంది, కొత్తగా ఎవరి ముక్కూ పోనక్కర్లేదు. తన బిళ్ళా వేసింది.

క్యాంటీన్ షెడ్డులో పొద్దున్నే కాలనీ అంతా కూర్చుంది. దమయంతి బల్ల దగ్గర నిలబడి చెప్పింది. బాగా చెప్పలేదు.

"మీరు వంతు పుచ్చుకోవడం తప్పని నేననను. దాని వల్లే నేను పుట్టాను. కాని ఇది కొలిమి మూతి కాదు. పులుసు గరిటెతో రుచి చూస్తాం కదా, పైనున్న తేట ఒక్కటే చూస్తే అడుగునున్న ఉప్పు తెలియదు. కలిపి, ఏది వస్తే అది చూడాలి. మంచిదే ఏరి నోట్లో వేసుకుంటే పులుసు బాగుందనే అనుకుంటాం. ఈసారి ఎవరి బిళ్ళ పడితే వాళ్ళే రావాలి. పసిబిడ్డ తల్లయినా సరే, వాళ్ళే."

వెనకనించి ఒక ఆడమనిషి అంది, "నీ లెక్కకి మా ముక్కులేటమ్మా?"

"నా ముక్కు కూడా ఉందత్తా అందులో."

"పడితే అప్పుడు మాటాడు."

ఎవరో నవ్వారు. కొంచెం తేలికైంది.

బిళ్ళలు ఎవరు తీయాలన్న మాట వచ్చింది. కంపెనీ మనిషి తీస్తానంటే కాలనీ ఒప్పుకోలేదు. దమయంతి తీస్తే కంపెనీ ఒప్పుకోదు. అప్పలసూరి లేచాడు. "నా ముక్కెలాగూ పోయింది. నాను తీస్తాను," అన్నాడు. రెండు పక్షాలూ సరేనన్నాయి.

కళ్ళు మూసుకుని డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపి తీశాడు. నంబరు చదివి బల్ల మీద పెట్టాడు. ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. మరో బిళ్ళ. ఒక ముసలామె. మరోటి. అలా బల్ల మీద ఇత్తడి పేరుకుంటోంది. మధ్యలో ఒకటి రెండు ముక్కు పోయినవాళ్ళవే పడ్డాయి, జనం హమ్మయ్యా అనుకున్నారు. తవుడి బిళ్ళ పడలేదు. దమయంతిదీ పడలేదు.

ఆఖరికి వస్తుండగా ఒక బిళ్ళ తీసి, అప్పలసూరి కళ్ళు తెరిచి చూశాడు. చదవలేదు. ఒక్క క్షణం అతని చూపు జనంలోకి పోయి గౌరి ఒళ్ళో ఉన్న బిడ్డ మీద ఆగింది. పిడికిలి మూసుకుంది.

"నాదే," అన్నాడు. "నాదే పడ్డాది. అయిపోయిన ముక్కే. ఎవులికీ నష్టం నేదు. రాసుకోండి."

జనం ఊపిరి వదిలారు. గుమాస్తా కలం ఎత్తాడు.

దమయంతికి తెలిసిపోయింది. ఆ చూపు ఆమె చూసింది. పిడికిలి తెరువు మావా, అనాలి. ఒక్క మాట. తన నోటంట వచ్చిన నియమమే అది. కాని ఆమె చూపు గౌరి మీదికి పోయింది. గౌరి ప్రతి ఉదయం బిడ్డ తలలో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపలా ఉండిపోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఒక్క అంకె. ముప్పై ఆరింటిలో ఒకటి. గౌరి ఎంతుంటుంది, ముసలాయన ఎంతున్నాడు, తేడాని ముప్పై ఆరుతో భాగిస్తే ఎంత? వద్దన్నా తలలో లెక్క తిరుగుతూనే ఉంది. రవంత. గోరుతో మూయగలిగినంత. పోయినసారి తప్పిపోయింది కూడా సరిగ్గా అంతే దూరంలో.

ఆమె నోరు తెరిచేలోపే గౌరి లేచింది. బిడ్డను తవుడి చేతికిచ్చి బల్ల దగ్గరికొచ్చి, మావ పిడికిలి తన రెండు చేతులతో పట్టుకుంది.

"ఇయ్యి మావా."

"నాదేనే అమ్మీ. కూకో ఎల్లి."

"నీదానికి సొట్టుందా మావా? ఈడు గచ్చుకేసి బాది బాది నాదానికి అంచు వొంకరసేసినాడు. తెరు."

వేళ్ళు ఒక్కొక్కటే తీసింది. ముసలాయన బలం కొలిమి బలం, ఆమె తీయగలిగిందంటే అతను తీయనిచ్చాడనే. బిళ్ళ అంచున సొట్ట వెలుతురులో కనబడింది.

"ఆయన వంతు పుచ్చుకున్నావు, నాను నోరుమూసుకున్నాను," అంది గౌరి. "బోర్డు ఎక్కింది. ఈడు పెరిగి ఆ బోర్డు కిందనించే పన్లోకెల్తాడు గావాల?"

బిళ్ళ తీసి బల్ల మీద తనే పెట్టింది. అప్పలసూరి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

పోగు దింపే రోజు గౌరి ఒక్కటే కోరింది, కొంచెం ఆలస్యంగా వస్తానంది. బిడ్డకి నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆ తలలో మొహం పెట్టుకుని కూర్చుంది. అందరూ బయట ఆగారు. ఇందుశేఖర్ కూడా ఆగాడు. తరవాత ఆమె వచ్చి కుర్చీలో కూర్చుని, "ఊఁ, కానీండి బావూ," అంది.

రెండో సగటు నలభై ఆరు వచ్చింది. గీత దాటింది. కొలిమి నిర్దోషి అయ్యుంటే చిట్టీల్లో ఇలాంటి అంకె రావడం ఎంత అరుదో కంపెనీ తెచ్చిన నిపుణుడే ఒప్పుకోవలసి వచ్చింది. బోర్డు దిగింది. కొలిమి షెడ్డు మూశారు, బూడిద లాగే గొట్టాలు పెట్టేదాకా తెరవొద్దన్నారు. కంపెనీ పై కోర్టుకి పోయింది, అది వేరే గొడవ, ఇంకా నడుస్తోంది. పేపర్లలో సగటు వేశారు. గౌరి పేరు వేయలేదు. సగటులో మనుషుల పేర్లుండవు. ఆమె ముప్పై ఆరో వంతు, అంతే.

అయితే కాలనీలో మరొకటి జరిగింది. దాన్ని ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు. ముక్కున్నవాళ్ళు సాయంత్రాలు ముక్కు లేని ఇళ్ళకి పోవడం మొదలెట్టారు. పాలు విరిగాయేమో, చేప మురిగిందేమో, గ్యాసు కారుతోందేమో చూసి చెప్పి వస్తారు. ఒకరోజు ఒకరు, మర్నాడు ఇంకొకరు. అడగడాలు లేవు, దండాలు లేవు. వాసన వంతు అన్నారు దాన్ని.

షెడ్డు మూసిన కొన్నాళ్ళకి గౌరి ఇంటి వంతు దమయంతికి వచ్చింది. వెళ్ళి పాలగిన్నె మూత తీసి చూసింది, బాగున్నాయి. స్టవ్ గొట్టం చూసింది. పులుసు చూసి బాగుందంది. అప్పలసూరి అరుగు మీద కూర్చుని, "మా ఇంటికి కూడా రాయే, అంతా నిన్నటిదే తింతన్నాను గావాల," అన్నాడు.

గౌరి బిడ్డను తెచ్చి దమయంతి ఒళ్ళో పెట్టింది.

"ఈడి తల సూడొదినా."

దమయంతి వంగి పీల్చింది. గౌరి ఆమె మొహం వైపే చూస్తోంది.

"పాలు," అంది దమయంతి. "చెమట. ఎండలో ఆరిన పాతగుడ్డ వాసన. చెవి వెనక కొంచెం పులుపు."

"చెవెనక సరిగ్గా తుడవనేదు. ఇంకా?"

"సాంబ్రాణి."

"అది నానేసిందే. ఇంకా?" గౌరి గొంతు తగ్గించింది. "అయ్య వాసనుందా? కొలిమి కంపు?"

దమయంతి మళ్ళీ వంగింది. నడినెత్తి మీద ముక్కు ఆనించి చాలాసేపు ఉంది. బిడ్డ ఆమె జుట్టు పట్టి లాగాడు.

"నాకు తగల్లేదు," అంది.

"తగల్నేదేటి? నేదని సెప్పొచ్చు గదా."

"నా ఒక్క ముక్కుతో ఎలా చెప్పేది?"

గౌరి కాసేపు చూసి నవ్వేసింది. బిడ్డను తిరిగి తీసుకుంది. అలవాటు కొద్దీ ఆ తలలో మొహం పెట్టి, ఒక్క క్షణం ఆగి, ఎత్తింది.

"సరే. రేపెవులిది వంతు?"

"నరసమ్మత్తది."

"ఆమెనీ అడుగుతాను," అంది గౌరి. "ఎల్లుండొచ్చినోలనీ అడుగుతాను."